గిన్నెలోని తరక నుంచి సీఆర్‌పీ దాకా

పద్దెనిమిదో శతాబ్దపు లండన్‌లో ఎవరైనా జ్వరంతో, పక్కపోటుతో మంచం పడితే, వచ్చిన వైద్యుడు ముందు మోచేతి పైన గుడ్డ బిగించి కట్టేవాడు. మడతలో ఉబ్బిన సిరకు గాటు పెట్టి, కారే నెత్తురును చిన్న గిన్నెలో పట్టేవాడు. గిన్నె నిండాక పారబోసేవాడు కాదు. ఓ పక్కన కదలకుండా ఉంచి, గడ్డకట్టాక వచ్చి చూసేవాడు. ఆరోగ్యవంతుడి నెత్తురైతే పైనుంచి కిందిదాకా ఎర్రగానే గడ్డకడుతుంది. రోగి ఒంట్లో ఎక్కడైనా వాపు ముదిరి ఉంటే మాత్రం ఎర్రటి గడ్డ మీద తెలుపూ పసుపూ కలిసిన మందపాటి తరక తేలేది.

ఆ తరకను వైద్యులు శతాబ్దాల తరబడి చూశారు. ఎంత మందముందో, ఎంత గట్టిగా ఉందో పరిశీలించారు. రకరకాల పేర్లు పెట్టారు. కానీ అది రోగి కాలేయం కొద్ది రోజులుగా ఆగకుండా చేస్తున్న పనికి గుర్తు అని ఒక్కరికీ తట్టలేదు. పైగా అదే రోగమనుకున్నారు. రోగమనుకున్నారు కాబట్టి ఇంకో గిన్నెడు తీశారు. ఈనాటి ల్యాబ్ రిపోర్టులో కనిపించే ఈఎస్ఆర్, సీఆర్‌పీ అనే రెండు పరీక్షలూ ఆ తరకకు వారసులే. గుర్తును రోగమనుకునే ఆ పాత పొరపాటు కూడా వాటి వెంటే వచ్చింది.

వాపుకు నాలుగు లక్షణాలున్నాయని రోమన్ రచయిత సెల్సస్ ఒకటో శతాబ్దంలోనే రాశాడు: ఎరుపు, వాపు, వేడి, నొప్పి. ఇవన్నీ దెబ్బ తగిలిన చోట కంటికి కనిపించేవి, చేతికి తెలిసేవి. గిన్నెలోని తరక సంగతి వేరు. నొప్పి రొమ్ములో ఉంటే నెత్తురు తీసింది మోచేతి దగ్గర. అక్కడి నెత్తురు కూడా మారిందంటే, వాపు ఒక్కచోటే ఉన్నా దాని ప్రభావం ఒళ్లంతా పాకిందన్నమాట. ఆ మార్పు ఎక్కడ పుట్టిందన్న ప్రశ్నకు జవాబు దొరకడానికి ఇరవయ్యో శతాబ్దం దాకా ఆగాల్సి వచ్చింది.

గ్రీకు వైద్యం మనిషి ఒంట్లో నాలుగు రసాలున్నాయని చెప్పింది: రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం. ఇవి గాల్లోంచి పుట్టిన ఊహలు కావని స్వీడన్ వైద్యుడు రాబిన్ ఫోరేయస్ 1921లో ఒక ఆసక్తికరమైన ప్రతిపాదన చేశాడు. రోగి నెత్తురును గాజు పాత్రలో పట్టి నిలవ ఉంచితే అడుగున నల్లటి గడ్డ, దాని మీద ఎర్రటి పొర, ఆ పైన తెల్లటి తరక, అన్నిటి మీదా పసుపు రంగు సీరం కనిపిస్తాయి. గ్రీకులు చూసిన నాలుగు రసాలు ఇవే కావచ్చని ఆయన ఉద్దేశం. ఆ లెక్కన కఫమంటే తరకే. రసాలు అదుపు తప్పడమే రోగమైతే, ఎక్కువైనదాన్ని బయటికి తీసేయడమే చికిత్స. నెత్తురు తీసే ఆచారానికి పునాది ఈ తర్కమే. ఆచారం యూరప్‌కే పరిమితం కాదు. జలగలు పట్టించి చెడు రక్తం తీసే రక్తమోక్షణం గురించి మన సుశ్రుతుడూ రాశాడు.

యూరప్‌లో మాత్రం అది పెద్ద వృత్తిగా ఎదిగింది. క్షురకులు గడ్డం గీస్తూనే నెత్తురూ తీసేవారు. వైద్యుడు పక్కనుండి ఎంత తీయాలో చెప్పేవాడు. గిన్నెలో తరక మందంగా పేరుకుని, అంచులు పైకి లేచి మధ్యలో గుంట పడితే వాపు గట్టిదని అర్థం చేసుకునేవారు. వెంటనే మళ్లీ గాటు. రెండో గిన్నెలోనూ తరక ఉంటే మూడోసారి. ఇందులో ఒక చిక్కుంది. నెత్తురు తీసినంత మాత్రాన కాలేయం పని ఆపదు కాబట్టి తరక పోదు. తరక పోవడంలేదు కాబట్టి ఇంకా తీయాలని వైద్యుడికి అనిపిస్తుంది. గుర్తు చికిత్సను పొడిగిస్తుంది, చికిత్స రోగిని కుంగదీస్తుంది.

ఈ ఆచారం పెద్దవాళ్లనూ వదల్లేదు. అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్‌కు 1799 డిసెంబరులో గొంతు వాచి ఊపిరాడక పోతే, ఒక్క రోజులోపే నాలుగుసార్లు నెత్తురు తీశారు. మొత్తం రెండు లీటర్లకు పైమాటే. డిసెంబరు 14 రాత్రి ఆయన చనిపోయాడు. ఫ్రాన్స్‌లో బ్రూసే అనే వైద్యుడు రోగాలన్నిటికీ వాపే మూలమని ప్రచారం చేసేసరికి జలగలకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. 1833 ఒక్క ఏడాదిలోనే ఆ దేశం 4 కోట్లకు పైగా జలగల్ని దిగుమతి చేసుకుంది.

గిన్నెను చూసి ఆచారాన్ని పాటించినవాళ్లు వేలమంది. గిన్నెలో జరుగుతున్నదేమిటని అడిగినవాళ్లు కొద్దిమంది. వారిలో ముందు చెప్పుకోవలసినవాడు విలియం హ్యూసన్. లండన్‌లోని క్రేవెన్ వీధిలో అత్తగారింట్లోనే శరీరశాస్త్ర పాఠశాల నడిపాడు. ఆ ఇంట్లోనే అద్దెకున్న పెద్దమనిషి బెంజమిన్ ఫ్రాంక్లిన్. 1771లో అచ్చయిన పుస్తకంలో హ్యూసన్ తన ప్రయోగాల్ని వివరించాడు. వాపు ఉన్న రోగి నెత్తుర్ని గిన్నెలో పట్టి వదలకుండా చూస్తే, గడ్డకట్టకముందే ఎర్ర కణాలు కిందికి దిగిపోతూ పైన తేటైన ద్రవం మిగులుతోంది. ఆ తేటను చెంచాతో తీసి విడిగా పెడితే అదీ గడ్డకట్టింది. అంటే గడ్డకట్టే పదార్థం ఉన్నది ఎర్ర కణాల్లో కాదు, వాటిని మోసే ద్రవంలో. తరక అంటే ఎర్ర కణాలు దిగిపోయాక పైన మిగిలిన తేట గడ్డకట్టిన రూపమే. ఇప్పుడు ఫైబ్రినోజన్ అని పిలిచే ప్రొటీన్ జాడ మొదట పట్టింది ఆయనే. శవాన్ని కోస్తుండగా తగిలిన గాయం విషమించి 1774లో చనిపోయేనాటికి ఆయన వయసు 34. నెత్తురులో వాపు గుర్తును వెతికిన మనిషిని అలాంటి వాపే తీసుకుపోయింది.

తరకను కళ్లతో చూసి అంచనా వేసే కాలం పోయి, తూకం వేసే కాలం ప్యారిస్‌లో మొదలైంది. అక్కడి ఆసుపత్రుల్లో రోజూ తీసే నెత్తురుకు కొదవ లేదు. గాబ్రియేల్ ఆంద్రాల్ అనే వైద్యుడు జూల్ గవారెతో కలిసి 1840 ప్రాంతంలో ఆ నెత్తుర్నే రసాయనికంగా విడగొట్టి తూచాడు. మామూలు మనిషి నెత్తురులో వెయ్యి పాళ్లకు 3 పాళ్లు ఫైబ్రిన్, అంటే ఫైబ్రినోజన్ గడ్డకట్టిన రూపం, ఉంటే, న్యుమోనియా, కీళ్లవాపు జ్వరం లాంటి రోగాల్లో అది 10 పాళ్ల దాకా పెరుగుతోంది. జ్వరమున్నంత మాత్రాన పెరగడం లేదు. వాపుంటేనే పెరుగుతోంది. వాపుతో పెరిగే ప్రొటీన్‌ను అంకెల్లో చూపించిన తొలి పని ఇది. నెత్తురు తీసే ఆచారమే లేకపోతే ఆంద్రాల్‌కు ఇంత నెత్తురు దొరికేదే కాదు.

అదే ఊళ్లో పియేర్ లూయి అనే మరో వైద్యుడు ఆ ఆచారం కాళ్లకింది నేలను తొలిచాడు. న్యుమోనియా రోగులు 77 మంది వివరాలు పక్కపక్కన పెట్టి లెక్క కట్టాడు. జబ్బు మొదలైన నాలుగు రోజుల్లోపు నెత్తురు తీసినవారు 41 మంది, వారిలో 18 మంది పోయారు. ఆ తర్వాత తీసినవారు 36 మంది, వారిలో 9 మందే పోయారు. 1835లో ఆయన పుస్తకం వచ్చింది. ఆచారం ఒక్కరోజులో ఆగలేదు గానీ శతాబ్దం చివరికి వచ్చేసరికి గిన్నెలు మూలపడ్డాయి. వాటితోపాటే తరకను చదివే విద్య కూడా మరుగున పడింది.

దాన్ని మళ్లీ వెలికితీసినవాడు వార్సాకు చెందిన ఎడ్మండ్ బియెర్నాట్స్కి. గడ్డకట్టకుండా ఆక్సలేట్ కలిపి, నెత్తుర్ని సన్నటి గాజు గొట్టంలో నిలబెట్టి, ఎర్ర కణాలు ఎంత వేగంగా దిగుతున్నాయో చూశాడు. ఫైబ్రినోజన్ ఎక్కువున్న రోగాల్లో త్వరగా దిగుతున్నాయని, దాన్ని తీసేసిన నెత్తురులో మెల్లగా దిగుతున్నాయని 1897లో ప్రకటించాడు. గిన్నెడు నెత్తురు అక్కర్లేదు, కొద్ది మిల్లీలీటర్లు చాలు. ఇంత పని చేసినా ఆయన మాట అప్పట్లో ఎవరి చెవినా పడలేదు.

ఇరవై ఏళ్ల తర్వాత ఇంతకుముందు చెప్పుకున్న ఫోరేయస్ స్టాక్‌హోమ్‌లో ఇదే సంగతిని వేరే దారిన కనిపెట్టాడు. గర్భిణుల నెత్తురులో కణాలు వేగంగా దిగడం చూసి, గర్భ పరీక్షగా పనికొస్తుందని 1918లో ఆశపడ్డాడు. తీరా చూస్తే రోగాలున్న మగవాళ్ల నెత్తురూ అలాగే దిగుతోంది! గర్భ పరీక్ష ఆశ పోయింది, కారణం మాత్రం దొరికింది. ఎర్ర కణాలు మామూలుగా ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయి. ఫైబ్రినోజన్ పెరిగితే ఆ నెట్టుడు తగ్గి, రూపాయి బిళ్లలు దొంతర పెట్టినట్టు అంటుకుంటాయి. దొంతర బరువు కాబట్టి త్వరగా కిందికి దిగుతుంది.

ఆల్ఫ్ వెస్టర్‌గ్రెన్ క్షయ రోగుల మీద ఈ పరీక్షను వాడి 1921లో పద్ధతి ఖాయం చేశాడు. నాలుగు పాళ్ల నెత్తురుకు ఒక పాలు సోడియం సిట్రేట్, 200 మిల్లీమీటర్ల గీతలున్న గొట్టం, సరిగ్గా గంట తర్వాత ఎర్ర కణాలు ఎన్ని మిల్లీమీటర్లు దిగాయో చూడటం. అంతే. రిపోర్టులో ఈఎస్ఆర్ అని రాసేది ఈ అంకెనే. కరెంటు లేని ఊళ్లోనూ చేయగలిగిన పరీక్ష కావడంతో క్షయ ఆసుపత్రుల గోడలు దాటి ప్రపంచమంతా వ్యాపించింది. తెలుగునాట చిన్న ల్యాబుల్లో చెక్క స్టాండులో వరసగా నిలబెట్టిన గాజు గొట్టాలు ఈ పద్ధతివే. వెస్టర్‌గ్రెన్ పద్ధతినే ప్రమాణంగా తీసుకోవాలని అంతర్జాతీయ రక్తశాస్త్ర నిపుణుల సంఘం 1973లో సిఫారసు చేసింది.

ఇక్కడిదాకా కథ ఫైబ్రినోజన్ చుట్టూ తిరిగింది. రెండో పాత్ర న్యూయార్క్‌లో ప్రవేశించింది.

యాంటీబయోటిక్స్ లేని రోజుల్లో న్యుమోనియా అంటే వారం పాటు సాగే పోరాటం. జ్వరం ఏడో రోజో ఎనిమిదో రోజో ఒక్కసారిగా దిగితే రోగి బతికినట్టే. రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్ ఆసుపత్రిలో ఓస్వాల్డ్ ఏవరీ బృందం ఈ జబ్బు మీదే పనిచేస్తుండేది. విలియం టిలెట్, థామస్ ఫ్రాన్సిస్ అనే ఇద్దరు యువ వైద్యులు న్యుమోకాకస్ బ్యాక్టీరియా నుంచి పదార్థాల్ని విడదీసి, ఒక్కోదాన్నీ రోగుల సీరంతో కలిపి చూశారు. మామూలుగా రోగి కోలుకునేటప్పుడు యాంటీబాడీలు పుడతాయి, పరీక్ష అప్పుడు పాజిటివ్ కావాలి. సి అని పేరు పెట్టిన పదార్థం విషయంలో అంతా తలకిందులైంది. జబ్బు ఉద్ధృతంగా ఉన్నప్పుడు సీరంలో తెల్లటి అవక్షేపం కనిపించింది. జ్వరం దిగి రోగి లేచి కూర్చున్నాక అదే పరీక్షలో ఏమీ రాలేదు. 1930లో వాళ్లు ప్రచురించిన ఈ వింతే సి రియాక్టివ్ ప్రొటీన్‌కు, అంటే సీఆర్‌పీకి మొదటి అడుగు. ఆ తర్వాత టిలెట్ నెత్తురు గడ్డల్ని కరిగించే స్ట్రెప్టోకైనేజ్‌ను కనిపెట్టాడు. ఫ్రాన్సిస్ 1954లో సాల్క్ పోలియో టీకా భారీ పరీక్షను నడిపించాడు.

ఏవరీ వదిలిపెట్టలేదు. 1941లో ఆయన థియోడోర్ అబర్నెతీ, కాలిన్ మెక్లౌడ్‌లతో కలిసి అది యాంటీబాడీ కాదని, కాల్షియం ఉంటేనే పనిచేసే వేరే ప్రొటీన్ అని తేల్చాడు. దాన్ని కుందేళ్లకు ఎక్కించి యాంటీసీరం తయారుచేశారు. ఆ యాంటీసీరం చేతికొచ్చాక పరీక్షకు బ్యాక్టీరియా సరుకు అవసరమే లేకపోయింది. 1947లో మెక్లిన్ మెకార్టీ సీఆర్‌పీని స్ఫటికాలుగా మార్చాడు. ఏవరీ, మెక్లౌడ్, మెకార్టీ అనే ఈ మూడు పేర్లు జీవశాస్త్ర విద్యార్థులకు కొత్త కావు. జన్యుపదార్థం డీఎన్ఏ అని 1944లో చూపించింది వీళ్లే.

తొలుత సీఆర్‌పీ న్యుమోనియాకే ప్రత్యేకమనుకున్నారు. త్వరలోనే ఇతర బ్యాక్టీరియా జబ్బుల్లోనూ, సూక్ష్మజీవి ఊసే లేని గాయాల్లోనూ కనబడింది. 1950ల్లో పిల్లల కీళ్లవాపు జ్వరం తగ్గిందో లేదో చెప్పడానికి వైద్యులు దీన్ని విరివిగా వాడారు. సన్నటి గాజు గొట్టంలోకి యాంటీసీరాన్ని, దాని వెనకే రోగి సీరాన్ని లాగి, అడుగున పేరుకున్న తెల్లటి అవక్షేపం ఎత్తును మిల్లీమీటర్లలో చూసేవారు. గిన్నెలో తరక మందం చూసిన ముత్తాతల పనికీ దీనికీ పెద్ద తేడా లేదు, పాత్రే చిన్నదైంది. ఆరోగ్యవంతుల నెత్తురులో ఈ ప్రొటీన్ అసలు ఉండదనే నమ్మకం మరో మూడు దశాబ్దాలు నడిచింది. సున్నితమైన పరీక్షలు వచ్చాక తేలిందేమిటంటే, అందరిలోనూ ఉంది, కాకపోతే లీటరుకు ఒక మిల్లీగ్రాము అటూఇటూగా. వాపు వచ్చినప్పుడు అది వెయ్యి రెట్లయినా పెరగగలదు.

ఇంతకీ ఈ ప్రొటీన్లు పుట్టేది ఎక్కడ? ఫైబ్రినోజన్ విషయంలో కాలేయం మీద అనుమానం మొదటినుంచీ ఉంది. క్లోరోఫాం విషంతో కుక్కల కాలేయం పాడైతే నెత్తురులో ఫైబ్రినోజన్ పడిపోతుందని జార్జి విపుల్ 1911లో చూపించాడు. నెత్తురులేమికి కాలేయ చికిత్స మీద పరిశోధనకు 1934లో నోబెల్ అందుకున్నది ఈయనే. అయితే కాలేయం పాడైతే తగ్గిందంటే, కాలేయమే తయారుచేస్తోందని రుజువైనట్టు కాదు.

రుజువు 1951లో వచ్చింది. విపుల్ పనిచేసిన రోచెస్టర్ విశ్వవిద్యాలయంలోనే లియోన్ మిల్లర్ బృందం ఎలుక కాలేయాన్ని బయటికి తీసి, దానిలోకి ఆక్సిజన్ కలిపిన ఎలుక నెత్తుర్ని పంపుతూ గంటల తరబడి బతికించింది. ఆ నెత్తురులో రేడియోధార్మిక కార్బన్ గుర్తు వేసిన లైసిన్ అనే అమైనో ఆమ్లం కలిపారు. కాస్సేపటికి ఆ గుర్తు ఆల్బుమిన్‌లో కనిపించింది, ఫైబ్రినోజన్‌లో కనిపించింది. యాంటీబాడీలుండే గామా గ్లోబ్యులిన్లలో మాత్రం దాదాపు లేదు. ఒంటికి దూరంగా, నరాలు తెగి, గాజు పాత్రలో పడివున్న కాలేయం ఒంటరిగానే ప్లాస్మా ప్రొటీన్లను తయారుచేస్తోంది.

మనుషుల్లో రుజువు శస్త్రచికిత్స గదిలో దొరికింది. డెన్వర్‌లో థామస్ స్టార్జల్ కాలేయ మార్పిడి మొదలుపెట్టిన రోజులవి. హాప్టోగ్లోబిన్ అనే ప్రొటీన్‌లో మనుషుల మధ్య పుట్టుకతో వచ్చే రకాలున్నాయి. మార్పిడి తర్వాత రోగి నెత్తురును పరీక్షిస్తే అతని సొంత రకం మాయమై, కాలేయం ఇచ్చిన మనిషి రకం వచ్చి చేరింది. 1968లో ఈ ఫలితం అచ్చయ్యాక హాప్టోగ్లోబిన్ విషయంలో వాదనకు చోటు లేకపోయింది. సీఆర్‌పీ కూడా కాలేయంలోనే తయారవుతోందని 1966లోనే పరిశోధకులు హుర్లిమన్, థోర్‌బెక్, హోక్‌వాల్డ్ చూపించారు. 1978లో క్లీవ్‌లాండ్‌కు చెందిన ఇర్వింగ్ కుష్నర్ ఇంకా దగ్గరగా వెళ్లి చూశాడు. కుందేళ్లకు టర్పెంటైన్ సూదివేసి వాపు తెప్పించి, కాలేయపు పలుచటి ముక్కల్లో ఏ కణం సీఆర్‌పీ చేస్తోందో రంగు వేసి పట్టుకున్నాడు. మొదట పోర్టల్ సిరను ఆనుకుని ఉన్న కొన్ని కణాలే పనిలో దిగాయి. గంటలు గడిచేకొద్దీ లోపలి వరసలు కూడా చేరి, చివరికి దాదాపు ప్రతి కణమూ అదే పనిలో పడింది.

సూది వేసింది కండలో, పనిలో దిగింది కాలేయం. మధ్యలో కబురు మోసిందెవరు? అది తెల్లరక్తకణాల నుంచి వచ్చే ప్రొటీన్ అని 1983 నాటికి తెలిసింది. పాత్రలో పెంచిన కాలేయ కణాల మీద తెల్లకణాలను పెంచిన ద్రవం పోస్తే ఫైబ్రినోజన్ తయారీ పెరిగేది. దానికి హెపటోసైట్ స్టిమ్యులేటింగ్ ఫ్యాక్టర్ అని పేరు పెట్టారు. అదే కాలంలో జపాన్‌లోని ఒసాకాలో తదామిత్సు కిషిమోటో, తోషియో హిరానో యాంటీబాడీల తయారీని పురిగొల్పే మరో అణువు వెంట పడి, దాని జన్యువును 1986లో పట్టుకున్నారు. 1987లో కెనడాలోని జాక్ గాల్డీ బృందం, జర్మనీలోని పీటర్ హైన్రిష్ బృందం విడివిడిగా ఒకే సంగతి చెప్పాయి: కాలేయానికి కబురు మోసేదీ, ఒసాకాలో దొరికిందీ రెండూ ఒకటే. నానా పేర్లతో తిరుగుతున్న ఆ అణువుకు ఇంటర్‌ల్యూకిన్ 6 అనే పేరు స్థిరపడింది.

పని జరిగే తీరు ఇలా ఉంటుంది. ఊపిరితిత్తిలో బ్యాక్టీరియా చేరితే అక్కడి కాపలా కణాలు ఇంటర్‌ల్యూకిన్ 1, ఇంటర్‌ల్యూకిన్ 6 వదులుతాయి. నెత్తురులో కలిసిన ఇంటర్‌ల్యూకిన్ 6 కాలేయ కణం మీది గ్రాహకానికి అంటుకుంటుంది. లోపల స్టాట్ 3 అనే ప్రొటీన్ మేల్కొని కేంద్రకంలోకి వెళ్లి జన్యువుల్ని తట్టిలేపుతుంది. ఆరు గంటల్లో నెత్తురులో సీఆర్‌పీ పెరగడం కనిపిస్తుంది, రెండు రోజులకు గరిష్ఠానికి చేరుతుంది. కాలేయం అదొక్కటే చేయదు. గాయాన్ని మూసే ఫైబ్రినోజన్‌ను రెట్టింపుకు పైగా చేస్తుంది. పగిలిన ఎర్ర కణాల నుంచి కారే హీమోగ్లోబిన్‌ను పట్టుకునే హాప్టోగ్లోబిన్‌ను పెంచుతుంది. తెల్లకణాలు వదిలే ఎంజైములు సొంత ఊపిరితిత్తినే తినేయకుండా అడ్డుకునే ఆల్ఫా 1 యాంటీట్రిప్సిన్‌ను పంపుతుంది. బ్యాక్టీరియాకు ఇనుము చిక్కకుండా దాచేసే హెప్సిడిన్ సంగతి 2000 తర్వాతే బయటపడింది. దీర్ఘకాలిక జబ్బుల్లో వచ్చే నెత్తురులేమికి ఈ దాచివేతే పెద్ద కారణం. ఇన్ని కొత్త పనుల మధ్య రోజువారీ సరుకైన ఆల్బుమిన్ తయారీని తగ్గిస్తుంది. రోగి రిపోర్టులో సీఆర్‌పీ పెరిగి ఆల్బుమిన్ తగ్గి ఉండటానికి ఇదీ ఒక కారణం.

సీఆర్‌పీ అంకెకు ఇంత విలువ రావడానికి కారణం లండన్‌లో మార్క్ పెపిస్ బృందం 1993లో తేల్చింది. ఒంట్లో సీఆర్‌పీ సగానికి తగ్గడానికి పట్టే కాలం 19 గంటలు. ఆరోగ్యవంతుడిలోనైనా, ఏ జబ్బున్నవాడిలోనైనా ఇంతే. ఖర్చు మారదు కాబట్టి నెత్తురులోని మోతాదు కాలేయం ఎంత చేస్తోందో మాత్రమే చెబుతుంది. వాపు ఆగితే ఒకటి రెండు రోజుల్లోనే అంకె దిగిపోతుంది. ఫైబ్రినోజన్ మెల్లగా తగ్గుతుంది కాబట్టి ఈఎస్ఆర్ మాత్రం జబ్బు తగ్గాక కూడా వారాల తరబడి ఎక్కువగానే ఉంటుంది.

కాలేయం ఇంటర్‌ల్యూకిన్ 6 మాట ఎంతగా వింటుందో మందు రూపంలోనూ రుజువైంది. కిషిమోటో బృందం ఆ గ్రాహకాన్ని మూసేసే యాంటీబాడీ తయారుచేసింది, అదే టోసిలిజుమాబ్. క్యాసిల్‌మన్ జబ్బులో లింఫ్ గ్రంథులు ఆగకుండా ఇంటర్‌ల్యూకిన్ 6 వదులుతూ ఉంటాయి, సీఆర్‌పీ ఎప్పుడూ ఎక్కువే. ఈ మందు పడగానే అది కుప్పకూలింది. 2005లో జపాన్ దీన్ని ఆమోదించింది. ఒక మెలిక కూడా ఉంది. ఈ మందు వాడే రోగికి నిజంగానే ఇన్‌ఫెక్షన్ సోకినా కబురు కాలేయానికి చేరదు కాబట్టి సీఆర్‌పీ పెరగకపోవచ్చు. అలాంటివారిలో ఆ అంకెను నమ్ముకోవద్దని వైద్యులకు హెచ్చరికలున్నాయి.

గిన్నె కాలపు పొరపాటు మళ్లీ తలెత్తింది గుండెజబ్బుల దగ్గర. సీఆర్‌పీ కాస్త ఎక్కువున్నవారికి తర్వాత గుండెపోటు వచ్చే అవకాశం ఎక్కువని బోస్టన్‌లో పాల్ రిడ్కర్ 1997లో చూపించాక, ఆ ప్రొటీనే రక్తనాళాల్ని పాడుచేస్తోందా అన్న చర్చ మొదలైంది. జవాబు జన్యువుల్లో దొరికింది. కొందరికి పుట్టుకతోనే సీఆర్‌పీ ఎక్కువ ఉండే జన్యు రకాలుంటాయి. అదే కారణమైతే వాళ్లకు గుండెజబ్బు ఎక్కువ రావాలి. లక్షలమంది సమాచారాన్ని కలిపి చూసిన అధ్యయనం 2011లో వచ్చింది. వాళ్లకు గుండెజబ్బేమీ ఎక్కువ రావడం లేదు. సీఆర్‌పీ అపాయాన్ని చెప్పే గుర్తే గానీ అపాయం తెచ్చేది కాదు. మరోవైపు 2017లో వెలువడిన కాంటోస్ అధ్యయనంలో 10,061 మంది గుండె రోగులు పాల్గొన్నారు. వారిలో ఇంటర్‌ల్యూకిన్ 1ను అడ్డుకునే మందు తీసుకున్నవారికి మళ్లీ గుండెపోట్లు రావడం కొంత తగ్గింది. తప్పు కాలేయం చేసే ప్రొటీన్‌ది కాదు, దానికి కబురు పంపిన వాపుది.

తెలుగు ఇళ్లలోకి సీఆర్‌పీ పేరు తలుపు తట్టకుండా వచ్చింది 2020, 2021 కోవిడ్ రోజుల్లో. డీ డైమర్, ఫెరిటిన్, సీటీ స్కోర్‌లతో పాటు సీఆర్‌పీ ఎంతుందో ఫోన్లలో చెప్పుకున్నారు. బ్రిటన్‌లో నడిచిన రికవరీ అధ్యయనం ఆక్సిజన్ తగ్గి, సీఆర్‌పీ లీటరుకు 75 మిల్లీగ్రాములు దాటిన 4,116 మంది మీద టోసిలిజుమాబ్‌ను పరీక్షించి, మరణాలు తగ్గుతాయని చూపించింది. 2021 రెండో వేవ్‌లో ఆ ఇంజక్షన్ కోసం బంధువులు ఊళ్లు పట్టుకుని తిరిగారు. అప్పటి అలవాటు పూర్తిగా పోలేదు. ఇప్పటికీ చాలామంది చీటీ లేకుండానే ల్యాబుకు వెళ్లి సీఆర్‌పీ చేయించుకుని, అంకె ఎర్రగా కనిపిస్తే మందుల షాపులో యాంటీబయోటిక్ అడుగుతున్నారు. ఇది రెండో గిన్నె పట్టడం లాంటిదే.

రిపోర్టు చేతికొచ్చినప్పుడు రెండు మూడు సంగతులు గుర్తుంచుకుంటే చాలు. రక్తహీనత ఉన్నా, గర్భిణిగా ఉన్నా, వయసు మీదపడినా ఈఎస్ఆర్ ఎక్కువ రావచ్చు. లూపస్ లాంటి జబ్బుల్లో ఈఎస్ఆర్ బాగా పెరిగి సీఆర్‌పీ అంతగా పెరగకపోవచ్చు. కాలేయం బాగా దెబ్బతిన్నవారిలో తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ ఉన్నా సీఆర్‌పీ పెరగాల్సినంత పెరగదు. అంకె పెరిగిందంటే ఒంట్లో ఎక్కడి నుంచో కాలేయానికి కబురు అందిందని మాత్రమే అర్థం. ఆ కబురు ఊపిరితిత్తి పంపిందో, కీలు పంపిందో, పంటి చిగురు పంపిందో, అది బ్యాక్టీరియా వల్లనో కాదో తేల్చాల్సింది రోగిని పరీక్షించే వైద్యుడు. రిపోర్టును ముందు ఆయనకు చూపించండి, మందు సంగతి ఆ తర్వాత.